లైబ్రరీ కేటలాగ్‌లో ‘రీప్రొడక్షన్’ అని వెతికితే నా టాపిక్ ఎందుకు దొరకడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు సోషియాలజీలో పీహెచ్‌డీ మొదలుపెట్టారు. పిల్లలు కలగక హైదరాబాద్‌లో ఫెర్టిలిటీ సెంటర్ల చుట్టూ తిరిగే ఆడవాళ్ల అనుభవాల మీద పని చేస్తున్నారు. ఓపాక్‌లో, అంటే లైబ్రరీ కంప్యూటర్ కేటలాగ్‌లో, కీవర్డ్ పెట్టె తెరిచి ‘రీప్రొడక్షన్’ అని కొడితే పశువులు, చేపలు, మొక్కలు, చివరికి బొమ్మల నకళ్ల గురించిన పుస్తకాలు కూడా వస్తున్నాయి. మీకు పనికొచ్చేవి రెండో మూడో. తెలుగువి అసలు లేవు. లైబ్రరీలో పుస్తకాలే లేవా, లేక నాకు వెతకడం రావడం లేదా అని అడిగారు.

పుస్తకాలు ఉన్నాయి. ‘రీప్రొడక్షన్’ దగ్గర మొదలుపెట్టడం వల్లే అవి కనిపించడం లేదు. మీ టాపిక్‌కి దగ్గరగా ఉందని మీకు ముందే తెలిసిన ఒక్క పుస్తకాన్ని పేరుతో వెతికి పట్టుకోండి. దాని రికార్డు పూర్తిగా తెరిస్తే కింద సబ్జెక్ట్ హెడింగ్స్, అంటే పుస్తకం దేని గురించో చెప్పే పేర్లు, ఉంటాయి. అవి రాసుకోండి, ఒక్కోదాని మీద నొక్కండి. వచ్చిన పుస్తకాల్లో మళ్లీ మీకు నచ్చిన దాన్ని తెరిచి దాని హెడింగ్స్ చూడండి. ఇలా రెండు మూడు పుస్తకాలు చూసేసరికి మీ టాపిక్‌ని కేటలాగ్ ఏయే పేర్లతో పిలుస్తుందో మీ చేతికి వస్తుంది. మీకు తోచిన మాటతో మొదలుపెట్టడం కన్నా ఇది చాలా తొందరగా అయ్యే పని. యూనివర్సిటీ లైబ్రరీ రిఫరెన్స్ సెక్షన్‌లో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని. కొత్తగా వచ్చిన ప్రతి స్కాలర్‌కీ ముందు ఇదే చెబుతాను.

ఇలా ఎందుకు చేయాలో కూడా చెబుతాను. కారణం తెలిస్తే రేపు ఏ టాపిక్ తీసుకున్నా మీ అంతట మీరే వెతుక్కోగలరు.

కేటలాగ్ చేసేవాళ్లకు ఒక పాత నియమం ఉంది. అమెరికన్ లైబ్రేరియన్ చార్లెస్ అమ్మి కటర్ 1876లోనే రాసిపెట్టాడు: పుస్తకం దేని గురించో సరిగ్గా ఆ పేరు కిందే పెట్టాలి, దానికన్నా పెద్ద పేరు కింద పెట్టకూడదు. పుస్తకం ఐవీఎఫ్ గురించైతే అది ఐవీఎఫ్ హెడింగ్ కిందే ఉంటుంది. ‘హ్యూమన్ రీప్రొడక్షన్’ కింద కూడా ఒక ఎంట్రీ వేయరు. కాబట్టి పెద్ద పేరు కింద చూస్తే చిన్నవన్నీ కలిసి కనబడతాయని అనుకోవద్దు. పెద్ద పేరు కింద మిగిలేవి మొత్తం విషయాన్ని చుట్టబెట్టే పాఠ్యపుస్తకాలు మాత్రమే. మీకు కనిపించిన ఆ రెండు మూడు అవే అయి ఉంటాయి.

మన యూనివర్సిటీ లైబ్రరీల్లో ఎక్కువగా వాడేది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సబ్జెక్ట్ హెడింగ్స్ జాబితా. 1898లో మొదలైంది. అందులో ఒట్టి ‘రీప్రొడక్షన్’ అంటే జీవశాస్త్రం మొత్తానికీ చెందిన పేరు. పశువులవి ‘క్యాటిల్—రీప్రొడక్షన్’, చేపలవి ‘ఫిషెస్—రీప్రొడక్షన్’, మొక్కలవి ‘ప్లాంట్స్—రీప్రొడక్షన్’ అని విడివిడిగా ఉంటాయి. ‘ఆర్ట్—రీప్రొడక్షన్’ అంటే చిత్రాలకు ప్రతులు తీయడం. మీరు కీవర్డ్ పెట్టెలో కొట్టారు కాబట్టి ఆ మాట ఉన్నవన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఓపాక్‌లో కీవర్డ్ వేరు, సబ్జెక్ట్ బ్రౌజ్ వేరు. కీవర్డ్ మాట ఎక్కడున్నా పట్టుకొస్తుంది. బ్రౌజ్ హెడింగ్స్‌ని అక్షర క్రమంలో వరుసగా చూపిస్తుంది. మీకు ముందుగా కావాల్సింది బ్రౌజ్.

ఇక మీ టాపిక్‌కి నేనైతే ఏ పేర్లు పట్టుకుంటానో చెబుతాను. మొదట ‘చైల్డ్‌లెస్‌నెస్’. సోషియాలజీ వైపు రాసిన పుస్తకాలు ఇక్కడ ఉంటాయి. చాలామంది డాక్టర్ల మాటలతోనే వెతుకుతారు కాబట్టి దీన్ని వదిలేస్తారు. తర్వాత ‘ఇన్‌ఫెర్టిలిటీ’, ‘ఇన్‌ఫెర్టిలిటీ, ఫిమేల్’, ‘ఇన్‌ఫెర్టిలిటీ, మేల్’. మగవాళ్ల సమస్య మీద ఉన్నవి కూడా తప్పక చూడండి. లోపం ఎవరిలో ఉన్నా మాట పడేది ఆడదే కదా, మీ థీసిస్‌లో అది రాకుండా ఉండదు. చికిత్సల వైపు ‘హ్యూమన్ రీప్రొడక్టివ్ టెక్నాలజీ’, ‘ఫెర్టిలైజేషన్ ఇన్ విట్రో, హ్యూమన్’, ‘ఆర్టిఫిషియల్ ఇన్సెమినేషన్, హ్యూమన్’, ‘సరొగేట్ మదర్‌హుడ్’. హక్కుల వైపు ‘రీప్రొడక్టివ్ రైట్స్’. ‘మదర్‌హుడ్’ కూడా ఒకసారి తిరగేయండి.

ఈ పేర్లలో కొన్ని తిరగేసి ఉన్నాయి, గమనించారా? ‘హ్యూమన్ ఫెర్టిలిటీ’ అని కాకుండా ‘ఫెర్టిలిటీ, హ్యూమన్’. ‘ఆయుర్వేదిక్ మెడిసిన్’ అని కాకుండా ‘మెడిసిన్, ఆయుర్వేదిక్’. కార్డుల కాలంలో ఒక విషయానికి చెందినవన్నీ ఒక డ్రాయర్‌లో పక్కపక్కన ఉండాలని అలా పెట్టారు. కానీ అన్నీ అలా లేవు. ‘హ్యూమన్ రీప్రొడక్షన్’, ‘హ్యూమన్ రీప్రొడక్టివ్ టెక్నాలజీ’ మామూలుగానే ఉన్నాయి. దీనికి తర్కం వెతకవద్దు, రెండు రకాలుగానూ చూడండి. నిజానికి మీరు ‘హ్యూమన్ ఫెర్టిలిటీ’ అని కొడితే ‘ఫెర్టిలిటీ, హ్యూమన్ చూడండి’ అని కేటలాగే దారి చూపించాలి. దాని కోసం లైబ్రరీ ఆథారిటీ ఫైల్ అని వేరే ఎక్కించుకోవాలి. మన దగ్గర చాలా లైబ్రరీలు పుస్తకాల రికార్డులు మాత్రమే ఎక్కించి, దీన్ని వదిలేశాయి. ఎంత కష్టపడి కట్టిన కేటలాగ్ అయినా ఇది లేకపోతే పాఠకుడికి సగం మూసుకుపోయినట్టే. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. మీ లైబ్రరీలో ఈ సూచనలు రాకపోతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ఆథారిటీస్ సైట్ ఉచితంగా చూడవచ్చు. ఒక హెడింగ్ తెరిస్తే దానికన్నా పెద్దవి, చిన్నవి, పక్కవి, వాడకూడని పాత పేర్లు అన్నీ అక్కడే ఉంటాయి. అక్కడ సరైన పేరు పట్టుకుని, మీ ఓపాక్‌లోకి వచ్చి ఆ పేరుతో వెతకండి.

మాటలు ఒకదానితో ఒకటి కలగలిసిపోయే చోట్లు ఈ సబ్జెక్టులో ఎక్కువ. ‘ఫెర్టిలిటీ’ తీసుకోండి. వ్యవసాయ లైబ్రరీలో, పటాన్‌చెరు ఇక్రిశాట్ లాంటి చోట, ఆ మాట కొడితే వచ్చేవన్నీ భూసారం పుస్తకాలే, ‘సాయిల్ ఫెర్టిలిటీ’. ‘ఫెర్టిలిటీ, హ్యూమన్’ కింద ఉన్న వాటిలో కూడా ఎక్కువ భాగం జనాభా శాస్త్రం, అంటే ఒక స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలు అనే లెక్కలు. మీకు అవీ ఒక అధ్యాయానికి పనికొస్తాయి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణకు ఆ సగటు 1.8. జనాభా తగ్గించడం మీదే దశాబ్దాలుగా మాట్లాడుతున్న చోట పిల్లలు కావాలని ఏడ్చే మనిషి గురించి ఎంత తక్కువ రాశారో ఆ హెడింగ్ కింద వరుస చూస్తేనే మీకు తెలుస్తుంది.

‘స్టెరిలైజేషన్’ ఇంకా గందరగోళం. ఒట్టి ‘స్టెరిలైజేషన్’ అంటే సూక్ష్మజీవులు లేకుండా పరికరాలను శుద్ధి చేయడం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ‘స్టెరిలైజేషన్ (బర్త్ కంట్రోల్)’ కింద ఉంటాయి. ఎమర్జెన్సీ కాలంలో బలవంతంగా చేసినవి కావాలంటే ‘ఇన్‌వాలంటరీ స్టెరిలైజేషన్’ చూడాలి. పాత కార్డుల్లో ‘స్టెరిలిటీ’ అని ఉంటే అది ఈ రెండూ కాదు, సంతానలేమి. కుటుంబ నియంత్రణ గురించి మన దేశంలో 1952 నుంచీ కార్యక్రమం నడుస్తోంది కాబట్టి ప్రభుత్వ నివేదికలు కుప్పలుగా ఉంటాయి. అవి చాలావరకు ‘బర్త్ కంట్రోల్—ఇండియా’ కింద దొరుకుతాయి.

కాలాన్ని కూడా దృష్టిలో పెట్టుకోండి. ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ 1978 జూలైలో ఇంగ్లండ్‌లో పుట్టింది. కొద్ది నెలలకే, అదే ఏడు అక్టోబర్ 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో ‘దుర్గ’ పుట్టింది. అంతకుముందు అచ్చయిన పుస్తకాలను ఐవీఎఫ్ హెడింగ్ కింద వెతకడం వృథా. అప్పటివి ‘ఇన్‌ఫెర్టిలిటీ’, ‘ఆర్టిఫిషియల్ ఇన్సెమినేషన్, హ్యూమన్’, పాత ‘స్టెరిలిటీ’ కింద ఉంటాయి.

ఊరు పేరు విషయంలో జాగ్రత్త. ఈ హెడింగ్స్‌కి చివర స్థలం తగిలిస్తారు: ‘ఇన్‌ఫెర్టిలిటీ—ఇండియా’. ఊరి వరకు వెళ్తే ‘ఇండియా—హైదరాబాద్’ అని వస్తుంది. మధ్యలో రాష్ట్రం రాదు. అంటే ‘తెలంగాణ’ అని వెతికితే హైదరాబాద్ మీద ఉన్న పుస్తకం రాకపోవచ్చు. 2014 జూన్‌కి ముందు కేటలాగ్ చేసిన వాటిలో రాష్ట్రం స్థానంలో ‘ఆంధ్రప్రదేశ్’ ఉంటుంది, వాటిని ఎవరూ వెనక్కి వెళ్లి మార్చలేదు. కాబట్టి ఇండియా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, హైదరాబాద్ నాలుగూ విడివిడిగా చూడాలి. పాకిస్తాన్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, అది ‘పాకిస్తాన్—హైదరాబాద్’గా వస్తుంది. స్థలంతో పాటు ఇంకొన్ని తోకలు ఉంటాయి. ‘సోషల్ ఆస్పెక్ట్స్’, ‘సైకలాజికల్ ఆస్పెక్ట్స్’, ‘మోరల్ అండ్ ఎథికల్ ఆస్పెక్ట్స్’, ‘లా అండ్ లెజిస్లేషన్’. మీ సబ్జెక్టుకి మొదటి రెండూ ప్రాణం. సరొగసీ మీద పని చేస్తున్న ఒక లా విద్యార్థి మా దగ్గరికి వచ్చి, అన్నీ డాక్టర్ల పుస్తకాలే ఉన్నాయని వాపోయాడు. ‘సరొగేట్ మదర్‌హుడ్’ పక్కన ‘లా అండ్ లెజిస్లేషన్—ఇండియా’ చేర్చి చూపించాను, అతనికి కావాల్సిన వరుస అక్కడే ఉంది. 2021లో సరొగసీ చట్టం, ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం రెండూ వచ్చాక ఆ వరుస ఇంకా పెరిగింది.

తెలుగు పుస్తకాల సంగతి. మీకు అవి కనిపించకపోవడానికి కారణం పేరు వెతికే తీరు. మన లైబ్రరీల్లో చాలాచోట్ల తెలుగు పుస్తకం పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు. ‘ప్రసూతి’ని ఒకరు ఒక యూతో రాస్తే మరొకరు రెండు ఓలతో రాశారు, అమెరికా నుంచి తెచ్చుకున్న రికార్డులో అక్షరం పైన గీత ఉంటుంది. పైగా మన రచయితలు ఒకే విషయాన్ని సంతానలేమి అంటారు, వంధ్యత్వం అంటారు, గొడ్రాలితనం అని కూడా రాసినవాళ్లున్నారు. పేరుతో వెతికితే వీటన్నిటినీ ఎవరూ పట్టలేరు. కానీ సరిగ్గా కేటలాగ్ చేసి ఉంటే తెలుగు పుస్తకానికైనా, ఉర్దూ పుస్తకానికైనా, ఇంగ్లిష్ పుస్తకానికైనా హెడింగ్ ఒక్కటే. సబ్జెక్ట్ హెడింగ్ గొప్పతనం నాకు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. ‘ప్రెగ్నెన్సీ’ హెడింగ్ తెరిచి, భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. ఒక నర్సింగ్ కాలేజీ మేడమ్ గర్భిణులకు ఇవ్వడానికి తేలిక తెలుగు పుస్తకాలు కావాలని వచ్చారు. తెలుగు మాటలతో వెతికి వెతికి అలసిపోయారు. హెడింగ్, భాష కలిపి చూస్తే ఆవిడ ఊహించని పేర్లతో ఉన్న పుస్తకాలు బయటపడ్డాయి. హైదరాబాద్‌లో ఇలా చూడటం మరీ అవసరం. నిజాం కాలంలో ఇక్కడ వైద్యం ఉర్దూలో చెప్పారు, దాని కోసం పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి అనువదించారు. మీకు ఉర్దూ చదవడం రాకపోయినా అవి ఉన్నాయని తెలియడం అవసరం, చదివి చెప్పేవాళ్లు ఈ ఊళ్లో దొరుకుతారు.

తెలుగులో ఇంకో పాయ వేరే చోట ఉంది. ఆయుర్వేదంలో ప్రసూతి తంత్రం, స్త్రీరోగాల పుస్తకాలు ‘మెడిసిన్, ఆయుర్వేదిక్’ కిందకి వెళ్లిపోతాయి. అరల్లో పుస్తకం ఎక్కడ ఉండాలో చెప్పే డ్యూయీ నంబరు 615.538, గైనకాలజీకి చాలా దూరం. మంత్రసానుల గురించి ‘మిడ్‌వైవ్స్’, శ్రీమంతం, పురుడు, బారసాల లాంటి ఆచారాలకు ‘బర్త్ కస్టమ్స్’. పిల్లల కోసం చేసే మొక్కులు, వ్రతాల గురించి మీరు రాస్తారనుకుంటున్నాను, వాటికి జానపద విభాగం కూడా చూడాలి.

షెల్ఫుల దగ్గరికి వెళ్లి చూద్దామనుకుంటే ఒక విషయం తెలిసి వెళ్లండి. డ్యూయీలో ఈ సబ్జెక్ట్ ఒకచోట ఉండదు. శరీరధర్మం 612.6, గర్భనిరోధం 613.9, మగవాళ్ల సంతానలేమి 616.69 దగ్గర, ఆడవాళ్లది 618.178, కాన్పులు 618.2 నుంచి. జనాభా లెక్కల ఫెర్టిలిటీ 304.63, కుటుంబ సంబంధాలు 306.8, నైతిక చర్చ 176, పుట్టుక ఆచారాలు 392.12. చట్టం 340ల్లో. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ (ఎల్‌సీ) నంబర్లు వాడే లైబ్రరీ అయితే వైద్యం ఆర్‌జీలో, సామాజికం హెచ్‌క్యూలో. ఒక అరలో చూసి ఇంతేనా అని వెనక్కి వెళ్లిపోయిన స్కాలర్లను చాలామందిని చూశాను. మీరు 306, 618 రెండూ తప్పనిసరిగా చూడండి, తీరిక ఉంటే 176.

మెడికల్ కాలేజీ లైబ్రరీకో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లాంటి చోటికో వెళ్తే అక్కడి మాటలు వేరుగా ఉండొచ్చు. వైద్యులు వాడేది మెష్ అనే వేరే హెడింగ్స్ జాబితా. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1960లో తెచ్చింది, ఏటా సవరిస్తారు. మామూలు లైబ్రరీలో ‘చైల్డ్‌బర్త్’ అయితే మెష్‌లో ‘పార్చురిషన్’. ‘హ్యూమన్ రీప్రొడక్టివ్ టెక్నాలజీ’కి అక్కడ ‘రీప్రొడక్టివ్ టెక్నీక్స్, అసిస్టెడ్’. మెష్‌లో మంచి సంగతి ఏమిటంటే మాటలన్నీ చెట్టులా కొమ్మలు కొమ్మలుగా అమర్చి ఉంటాయి. వైద్య వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో పై కొమ్మతో వెతికితే కింద కొమ్మల్లోవి కూడా వస్తాయి. అంటే మీరు ఓపాక్‌లో చేయబోయి కుదరని పని అక్కడ కుదురుతుంది.

హెడింగ్స్‌కి ఉన్న పరిమితి కూడా చెప్పాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో, పుస్తకంలో కనీసం ఐదో వంతు ఒక విషయం మీద ఉంటేనే దానికి హెడింగ్ ఇస్తారు. పన్నెండు వ్యాసాల సంకలనంలో ఒక్క వ్యాసం సంతానలేమి మీద ఉంటే కేటలాగ్‌లో ఆ మాటే ఉండదు. స్త్రీల ఆరోగ్యం మీద మన దేశంలో వచ్చిన మంచి రచనల్లో చాలా భాగం ఇలాంటి సంకలనాల్లోనే దాగి ఉంది. అందుకని ‘విమెన్—హెల్త్ అండ్ హైజీన్—ఇండియా’ కింద ఉన్న సంకలనాలను చేతిలోకి తీసుకుని విషయసూచిక తిరగేయండి. దీనికి అడ్డదారి లేదు. హైదరాబాద్‌లో అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రం లైబ్రరీ కూడా చూడండి. స్త్రీల ఆరోగ్యం మీద పెద్ద లైబ్రరీలు పట్టించుకోని కరపత్రాలు, నివేదికలు ఇలాంటి చోట్లే దొరికే అవకాశం ఎక్కువ.

ఇక మీరు అడగకపోయినా ఒక మాట. ఈ హెడింగ్స్ వెతికేది స్కాలర్లు మాత్రమే కాదు. పబ్లిక్ లైబ్రరీలో ఒకాయన రోజూ వచ్చి ఆరోగ్యం పుస్తకాల అర ముందు నిలబడి, ఏదీ తీయకుండా వెళ్లిపోయేవాడని అక్కడ పనిచేసే స్నేహితురాలు చెప్పింది. ఒకరోజు ఆవిడ ఏమీ అడగకుండా ఓపాక్ వాడటం చూపించి, ‘ఇక్కడ ఏ మాటైనా కొట్టుకోవచ్చు, ఎవరూ చూడరు’ అని పక్కకు వచ్చేసింది. ఆయన వెతికింది మగవాళ్ల సంతానలేమి గురించి. కౌంటర్ దగ్గర నలుగురి ముందు ఆ మాట అనలేక అన్నాళ్లు తిరిగాడు. మీరు ఇంటర్వ్యూ చేయబోయే ఆడవాళ్లలో ఎంతమంది ఇలా ఎక్కడెక్కడ ఏం వెతికారో, ఏ మాటలతో వెతికారో అడగండి. యూట్యూబ్‌లో కొట్టిన మాటలు కూడా అడగండి. మీ థీసిస్‌కి అది మంచి సమాచారం అవుతుందని నా నమ్మకం.

చివరగా రెండు పనులు. థీసిస్‌ల కోసం శోధ్‌గంగ చూస్తారు కదా, అక్కడ కీవర్డ్స్ ఒక్కో థీసిస్‌కి ఒక్కోలా ఉంటాయి. హెడింగ్స్ పద్ధతి అక్కడ పనిచేయదు. ఇన్‌ఫెర్టిలిటీ, చైల్డ్‌లెస్, ఐవీఎఫ్, ఏఆర్‌టీ, బ్యారెన్‌నెస్ అన్నీ ఒక్కొక్కటిగా కొట్టి చూడాల్సిందే. రెండోది, మీ లైబ్రరీలో పాత పుస్తకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయా అని రిఫరెన్స్ సెక్షన్‌లో అడగండి. ఎక్కకపోతే కార్డ్ డ్రాయర్లు ఎక్కడున్నాయో చూపించమనండి. అడిగేటప్పుడు ‘రీప్రొడక్షన్ మీద పుస్తకాలు ఉన్నాయా’ అనకుండా మీ టాపిక్ మొత్తం రెండు వాక్యాల్లో చెప్పండి, మీ దగ్గరున్న హెడింగ్స్ కాగితం చూపించండి. వెతుకుతుండగా తప్పు హెడింగ్ తగిలిన పుస్తకం కనిపిస్తే దాని యాక్సెషన్ నంబరు (ఒక్కో పుస్తకానికి లైబ్రరీ వేసే నంబరు) రాసి వాళ్లకు ఇవ్వండి. సరిచేయడం పెద్ద పని కాదు, పాఠకులు చెప్తే తప్ప వాళ్లకు తెలియదు.